అంతరాయం లేని విద్యుత్తు

కృష్ణా జిల్లా అనగానే నిండుగా పారే కాలువలు, కనుచూపు మేర పరచుకొన్న వరిచేలు మనసులో మెదలుతాయి. కాని ఆ సీమ అంతా డెల్టా కాదు. పడమటి దిక్కున తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు మెట్టభూములు. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన నాటి నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. మునేరు, పాలేరు ఈ భూముల మీదుగా పారి కృష్ణలో కలుస్తాయి. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పైరులు. వేసవిలో ఎండ నిప్పులు చెరుగుతుంది. పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన రోజులూ ఉన్నాయి. ఎండ ముదిరిన సాయంకాలాల్లో హఠాత్తుగా ఈదురుగాలి లేస్తుంది. దుమ్ము కమ్ముకొస్తుంది. ఆ వెనుకనే విద్యుత్తు పోతుంది.

అటువంటి ఒక సాయంకాలాన్ని ఊహించవచ్చు. ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేయడానికి అదే చివరి రోజు. బజారులోని మూడు ఇంటర్నెట్ కేంద్రాలలో ముగ్గురు విద్యార్థులు తమ వివరాలను నింపుతున్నారు. గాలిదుమారానికి విద్యుత్తు పోయింది. మొదటి కేంద్రంలో కంప్యూటరు తెర ఒక్కసారిగా నల్లబడింది. గంటసేపు నింపిన వివరాలు కంటిముందే మాయమయ్యాయి. రెండవ కేంద్రంలో బల్ల కింద ఉన్న ఒక చిన్న పెట్టె కీచుమని కూసింది. తెర మాత్రం ఆరిపోలేదు. నిర్వాహకుడు తొందరపడకుండా దరఖాస్తును పూర్తిచేసి, రుసుము చెల్లించి, రశీదును కంప్యూటరులో భద్రపరచి, ఆ తరువాత యంత్రాన్ని ఆపివేశాడు. మూడవ కేంద్రంలోనూ అటువంటి పెట్టె ఉంది. కంప్యూటరు ఆగలేదు. కాని ఇంటర్నెట్టును అందించే రౌటరును ఆ పెట్టెకు కాక గోడకున్న మామూలు ప్లగ్గుకు తగిలించారు. కంప్యూటరు వెలుగుతూనే ఉన్నా దరఖాస్తు కదలలేదు.

ఆ చిన్న పెట్టె పేరు నిరంతర విద్యుత్ సరఫరా సాధనం. వ్యవహారంలో అందరూ దానిని యు.పి.ఎస్. అంటారు. మొదటి కేంద్రంలో అది లేదు. మూడవ కేంద్రంలో అది ఉన్నా దాని వినియోగం తెలియలేదు. రెండవ కేంద్రంలో మాత్రమే డబ్బు పెట్టి కొన్న సాధనం అక్కరకు వచ్చింది. సాధనాన్ని కొనడం ఎంత ముఖ్యమో, దానిని ఎరిగి ఎంచుకోవడం, ఎరిగి వాడుకోవడం అంత ముఖ్యమని ఈ మూడు కేంద్రాలు తెలుపుతాయి.

విద్యుత్తు ఎందుకు ఆగుతుంది?

నందిగామ నుండి జాతీయ రహదారిపై విజయవాడ వైపు వెళితే ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979లో తొలి యూనిట్ పనిచేయడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ మండలికి అధ్యక్షుడిగా పనిచేసిన డాక్టర్ నార్ల తాతారావు పేరును తరువాత దానికి పెట్టారు. ఇంత పెద్ద విద్యుత్ కేంద్రం దగ్గరలో ఉండగా ఈ ప్రాంతంలో దీపాలు ఎందుకు ఆరిపోతాయన్న సందేహం సహజం.

విద్యుత్ కేంద్రంలో పుట్టిన విద్యుత్తు నేరుగా పక్క ఊరి ఇళ్లకు చేరదు. దాని వోల్టేజీని లక్షల వోల్టులకు పెంచి గ్రిడ్డులోకి పంపుతారు. అక్కడి నుండి ఉపకేంద్రాలలో మెట్టు మెట్టుగా దానిని తగ్గిస్తారు. 33 వేల వోల్టులు, ఆ తరువాత 11 వేల వోల్టులు, చివరకు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఇంటి అవసరానికి తగిన 230 వోల్టులు. ఈ సుదీర్ఘ మార్గంలో ఎక్కడ తీగ తెగినా, కొమ్మ విరిగి పడినా, ఫ్యూజు పోయినా దానికి ఆవలి వైపున ఉన్నవారికి చీకటే. 2012 జూలై 30, 31 తేదీలలో గ్రిడ్లు కుప్పకూలినప్పుడు ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతంలోని కోట్లాది ప్రజలు విద్యుత్తు లేక అల్లాడారు. అంతటి వైపరీత్యాలు అరుదు. సామాన్యుడికి తరచుగా ఎదురయ్యే అంతరాయాలు తన ఊరి తీగల మీద, తన వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పుట్టేవే.

విద్యుత్తు పూర్తిగా ఆగిపోవడం ఒక్కటే సమస్య కాదు. సరఫరాలోని లోపాలు నాలుగు విధాలుగా ఉంటాయి. మొదటిది పూర్తి అంతరాయం. రెండవది వోల్టేజీ పడిపోవడం. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, తీగ చివర ఉన్న ఇళ్లలో ఇది ఎక్కువ. పెద్ద మోటార్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు దీపాలు మిణుకుమనడం అందరూ చూసినదే. మూడవది వోల్టేజీ హద్దు మీరి పెరగడం. స్తంభాల మీద న్యూట్రల్ తీగ తెగితే ఒక్కొక్కసారి ఇంట్లోకి 230 వోల్టులకు బదులు 400 వోల్టులకు దగ్గరగా వచ్చి పరికరాలు మాడిపోతాయి. నాలుగవది క్షణికమైన ఉప్పెన. పిడుగుపాటు వల్ల గాని, సరఫరా పోయి మళ్లీ వచ్చే క్షణంలో గాని తీగలలో ఇది పుడుతుంది. కంటికి కనిపించదు. కాని సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలను దెబ్బతీస్తుంది. ఫ్యాను ఒక నిమిషం ఆగి మళ్లీ తిరిగితే నష్టం లేదు. రాతలో ఉన్న కంప్యూటరు ఒక్క క్షణం ఆగినా అప్పటి పని పోతుంది. ఒక్కొక్కసారి అందులో దాచిన సమాచారం కూడా చెడిపోతుంది.

యు.పి.ఎస్. పనిచేసే తీరు

యు.పి.ఎస్.లో ముఖ్యమైన భాగాలు మూడు. గోడ నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి బ్యాటరీని నింపే భాగం ఒకటి. ఆ శక్తిని నిలవ ఉంచే బ్యాటరీ మరొకటి. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును మళ్లీ ఏకాంతర విద్యుత్తుగా మార్చి పరికరాలకు అందించే ఇన్వర్టరు మూడవది. చిన్న యు.పి.ఎస్.లలో సాధారణంగా వాడేది సీసపు బ్యాటరీ. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన ఘటమే దీనికి మూలం. నూట అరవై ఏళ్లు దాటినా ఆ సూత్రం నేటికీ బల్ల కింద పనిచేస్తూనే ఉంది.

సరఫరా ఆగిన క్షణానికి, బ్యాటరీ నుండి విద్యుత్తు అందే క్షణానికి మధ్య కొంత ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని మిల్లీసెకండ్లలో కొలుస్తారు. మిల్లీసెకండు అంటే సెకనులో వెయ్యవ వంతు. మన దేశంలో ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. అంటే ఒక ఆవర్తనానికి 20 మిల్లీసెకండ్లు పడుతుంది. కంప్యూటరులోని విద్యుత్ సరఫరా భాగం తనలో మిగిలిన కొద్ది శక్తితో దాదాపు అంతసేపు నెట్టుకు రాగలదు. ఆలోపు యు.పి.ఎస్. భారాన్ని అందుకుంటే కంప్యూటరుకు సరఫరా ఆగిన సంగతే తెలియదు.

మూడు రకాలు

మార్కెట్టులో లభించే యు.పి.ఎస్.లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఆఫ్‌లైన్ రకం. సరఫరా ఉన్నంతసేపు ఇది గోడ విద్యుత్తునే యథాతథంగా పరికరానికి పంపుతుంది. సరఫరా ఆగినా, వోల్టేజీ హద్దు దాటినా సుమారు 10 మిల్లీసెకండ్లలోపు బ్యాటరీ వైపు మళ్లుతుంది. ధర తక్కువ. అయితే వోల్టేజీ తరచుగా పడిపోయే ఊళ్లలో దీని బ్యాటరీకి విశ్రాంతి ఉండదు. సరఫరా ఉన్నా అది చాలినంత లేదు గనుక బ్యాటరీ మాటిమాటికీ ఖర్చవుతుంది. నిజంగా విద్యుత్తు పోయే వేళకు అందులో సారం మిగలదు.

రెండవది లైన్ ఇంటరాక్టివ్ రకం. ఇందులో వోల్టేజీని తనంతట తాను సరిచేసే ఏర్పాటు ఉంటుంది. వోల్టేజీ తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించి పరికరానికి అందిస్తుంది. ఆ పనికి బ్యాటరీని ముట్టుకోదు. గోడ నుండి వచ్చేది 140 వోల్టులకు పడిపోయినా, 290 వోల్టుల దాకా పెరిగినా సర్దుకోగల సాధనాలు లభిస్తున్నాయి. ఊరి చివర, తీగ కొసన ఉన్న ఇంటికి, చిన్న దుకాణానికి, పాఠశాలలోని కంప్యూటరుకు ఇదే అనువైనది. ధరలో కొద్దిపాటి తేడా బ్యాటరీ ఆయుర్దాయంలో తిరిగి వస్తుంది.

మూడవది ఆన్‌లైన్ రకం. ఇందులో గోడ విద్యుత్తు పరికరానికి నేరుగా చేరదు. ఎప్పుడూ ముందు ఏకముఖ విద్యుత్తుగా, తరువాత మళ్లీ ఏకాంతర విద్యుత్తుగా మారి, శుద్ధమై వెళుతుంది. సరఫరా ఆగినప్పుడు మళ్లవలసిన పనే లేదు గనుక ఎడం అసలు ఉండదు. ధర ఎక్కువ. నిత్యం పనిచేస్తుంది గనుక కొంత విద్యుత్తును తానే ఖర్చు చేస్తుంది. వేడి పుట్టిస్తుంది.

ఆన్‌లైన్ రకం ఎవరికి కావాలో తెలుసుకోవడానికి జగ్గయ్యపేట పరిసరాలే చక్కని ఉదాహరణ. సున్నపురాయి నిక్షేపాలు ఉండడం వల్ల ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు తయారీలో కిల్ను అనే పొడవైన ఉక్కు గొట్టం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. దానిలోని ముడిపదార్థం సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుతుంది. విద్యుత్తు పోయి ఆ గొట్టం కదలకుండా నిలిచిపోతే, వేడికి, బరువుకు అది వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రధాన మోటారు ఆగినా దానిని మెల్లగా తిప్పడానికి వేరే ఏర్పాటు ఉంటుంది. ఆ సమయంలో ఎక్కడ ఏమి జరుగుతున్నదో నియంత్రణ గదిలోని వారికి కనబడాలి. అక్కడి కంప్యూటర్లు ఒక్క క్షణం కన్ను మూసినా కుదరదు. అటువంటి చోట ఆన్‌లైన్ యు.పి.ఎస్. తప్పనిసరి. గమనించవలసినది ఏమంటే, కిల్నును తిప్పే బరువైన పని యు.పి.ఎస్.ది కాదు. చూసేవారికి చూపు పోకుండా కాపాడడమే దాని పని. ఇంట్లోనైనా, కర్మాగారంలోనైనా యు.పి.ఎస్.ను ఎంచుకొనే ముందు దాని చేత ఏ పని చేయించాలో ఇలాగే తేల్చుకోవాలి.

లెక్క వేసి కొనాలి

యు.పి.ఎస్. పెట్టెపై 600 వి.ఎ., 1000 వి.ఎ. అని రాసి ఉంటుంది. వి.ఎ. అంటే వోల్ట్ ఆంపియర్. దీనిని వాట్లుగా పొరబడడం చాలామంది చేసే తప్పు. పరికరం నిజంగా వాడుకొనే శక్తిని వాట్లలో చెబుతారు. వి.ఎ.ని సామర్థ్య గుణకంతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. చిన్న యు.పి.ఎస్.లలో ఈ గుణకం సాధారణంగా 0.6 ఉంటుంది. అంటే 600 వి.ఎ. యు.పి.ఎస్. మోయగల భారం 360 వాట్లు మాత్రమే.

ఇప్పుడు ఒక ఇంటర్నెట్ కేంద్రంలోని లెక్కను చూడవచ్చు. కంప్యూటరుకు 120 వాట్లు, తెరకు 25 వాట్లు, రౌటరుకు, దాని పక్కనుండే ఫైబరు పెట్టెకు కలిపి 15 వాట్లు అనుకొంటే మొత్తం 160 వాట్లు. దీనిని 0.6తో భాగిస్తే సుమారు 267 వి.ఎ. భవిష్యత్తు అవసరాల కోసం నాలుగవ వంతు కలిపితే దాదాపు 333 వి.ఎ. కాబట్టి 600 వి.ఎ. యు.పి.ఎస్. సరిపోతుంది. అదే యు.పి.ఎస్.కు మూడు కంప్యూటర్లు తగిలిస్తే భారం 450 వాట్లవుతుంది. 360 వాట్ల హద్దు దాటుతుంది. విద్యుత్తు ఉన్నంతకాలం ఆ లోపం బయటపడకపోవచ్చు. పోయిన క్షణాన యు.పి.ఎస్. కూడా చేతులెత్తేస్తుంది. మూడు కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోతాయి.

భారం ఎంతో తేలిన తరువాత కాలం ఎంతో తేల్చుకోవాలి. చిన్న యు.పి.ఎస్.లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. ఈ రెంటినీ హెచ్చిస్తే 84 వాట్ అవర్లు. 160 వాట్ల భారానికి ఇది అరగంట వస్తుందని కాగితం మీద లెక్క తేలుతుంది. నిజానికి అంత రాదు. సీసపు బ్యాటరీ స్వభావం మెట్టపొలంలోని ఊటబావి వంటిది. నెమ్మదిగా తోడుకుంటే చాలా నీరు ఇస్తుంది. పెద్ద మోటారు పెట్టి ఒక్కసారిగా తోడితే త్వరలోనే అడుగు కనబడుతుంది. అలాగే బ్యాటరీ నుండి శక్తిని వేగంగా లాగితే దానిలో సుమారు 60 శాతమే, అంటే 50 వాట్ అవర్లే చేతికి వస్తాయి. ఇన్వర్టరులో అయిదవ వంతు పోగా మిగిలేవి 40. ఈ లెక్కన 160 వాట్ల భారాన్ని అది మోయగలిగేది పావుగంట. బ్యాటరీ పాతబడి సత్తువ సగమైతే ఆరేడు నిమిషాలు కూడా కష్టమే.

పావుగంట అంటే తక్కువ అనిపించవచ్చు. కాని యు.పి.ఎస్. ఇచ్చేది పనిచేసుకొనే కాలం కాదు, పని ముగించుకొనే కాలం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత దీనికి చక్కగా వర్తిస్తుంది. రాసినది భద్రపరచడానికి, తెరచిన దస్త్రాలను మూసివేయడానికి, యంత్రాన్ని క్రమపద్ధతిలో ఆపడానికి పావుగంట చాలు. గంటల తరబడి పని సాగాలనుకొంటే కావలసినది వేరే ఏర్పాటు.

ఏది తగిలించాలి, ఏది తగిలించకూడదు?

కంప్యూటరు, తెర, రౌటరు, ఫైబరు పెట్టె, వేలిముద్ర యంత్రం, నిఘా కెమెరాల రికార్డరు వంటివి యు.పి.ఎస్.కు తగిలించదగినవి. లేజర్ ప్రింటరును మాత్రం తగిలించకూడదు. అక్షరాలను కాగితంపై అతికించడానికి దానిలోని రోలరు వేడెక్కినప్పుడల్లా వందల వాట్ల విద్యుత్తును ఒక్క గుక్కలో లాగుతుంది. ఇస్త్రీపెట్టె, మిక్సీ, కూలరు, నీళ్ల మోటారు సంగతి చెప్పనక్కరలేదు.

యు.పి.ఎస్.కు, ఇంట్లోని ఇన్వర్టరుకు భేదం తెలియక పొరబడేవారు ఉన్నారు. దీపాలు, ఫ్యానులు కొన్ని గంటలు నడవడానికి ఉద్దేశించినది ఇన్వర్టరు. దాని బ్యాటరీ పెద్దది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. కాని మామూలు స్థితిలో అది సరఫరా మార్చడానికి కొంత ఎక్కువ వ్యవధి తీసుకొంటుంది. ఆ వ్యవధిలో కంప్యూటరు ఆగిపోవచ్చు. అందుకే అనేక ఇన్వర్టర్లపై యు.పి.ఎస్. అని రాసిన ఒక మీట ఉంటుంది. కంప్యూటరు వాడే ఇంట్లో ఆ మీటను అటు వైపు ఉంచాలి. కొనేటప్పుడు సైన్ వేవ్ రకాన్నే ఎంచుకోవడం మేలు. చౌకబారు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద ఫ్యానులు రొద చేస్తాయి. కొన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు సరిగా పనిచేయవు.

ప్రాణాలతో ముడిపడిన చోట మరింత జాగ్రత్త అవసరం. ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు ఇంటివద్ద ఆక్సిజన్ కాన్సంట్రేటరు వాడడం కోవిడ్ కాలం నుండి ఊళ్లలో కూడా పరిచితమయింది. నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్ ఇచ్చే యంత్రానికి సుమారు 350 వాట్లు కావాలి. కంప్యూటరు కోసం కొన్న 600 వి.ఎ. యు.పి.ఎస్.కు దానిని తగిలిస్తే, మోటారు మొదలయ్యేటప్పటి అదనపు భారానికే అది ఆగిపోవచ్చు. మోసినా కొద్ది నిమిషాలే. పైన చెప్పిన పెద్ద ఇన్వర్టరు కొత్త బ్యాటరీతో సుమారు మూడు గంటలు నడపగలదు. ఆ తరువాత? అందుకే అటువంటి ఇంట్లో నింపిన ఆక్సిజన్ సిలిండరు ఒకటి సిద్ధంగా ఉండాలి. ఏ యంత్రాన్నయినా నమ్మవచ్చు. దాని హద్దు తెలియకుండా నమ్మడం ప్రమాదం.

ఎండ – బ్యాటరీ

యు.పి.ఎస్. చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయే సందర్భాలలో చాలావరకు చెడినది యు.పి.ఎస్. కాదు, దానిలోని బ్యాటరీ. మెట్టసీమలో బ్యాటరీకి పరమశత్రువు వేడి. సీసపు బ్యాటరీ ఆయుర్దాయాన్ని 25 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు ఉష్ణోగ్రత వద్ద లెక్కకడతారు. అంతకు మించి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆ ఆయుర్దాయం దాదాపు సగానికి పడిపోతుంది. చల్లని గదిలో నాలుగేళ్లు బతికే బ్యాటరీ, ఎప్పుడూ 35 డిగ్రీలుండే గదిలో రెండేళ్లకే నీరసించిపోతుంది. నందిగామ వేసవిలో రేకుల కప్పు కింద ఉన్న దుకాణం సంగతి ఊహించుకోవచ్చు.

కాబట్టి యు.పి.ఎస్.ను ఎండ పడే కిటికీ పక్కన, గోడమూలన ఇరికించి పెట్టరాదు. దాని చుట్టూ గాలి ఆడాలి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పత్తి మిల్లులు, మిరప గోదాముల దగ్గర నూగు, దుమ్ము త్వరగా పేరుకుంటాయి. అక్కడ యు.పి.ఎస్. ఊచల సందులను పొడి కుంచెతో తరచుగా శుభ్రం చేయాలి.

నెలల తరబడి వాడకుండా మూలన పెట్టినా బ్యాటరీ చెడిపోతుంది. వేసవి సెలవుల్లో మూసివేసే పాఠశాలలు, కళాశాలలు దీనిని గుర్తుంచుకోవాలి. యు.పి.ఎస్.లను పూర్తిగా ఛార్జి చేసి ఉంచాలి. సెలవుల మధ్యలో ఒకసారి మళ్లీ ఛార్జి చేయాలి. ఇన్వర్టరులోని ట్యూబులర్ బ్యాటరీకయితే నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయినీరు, బోరునీరు పనికిరావు. వాటిలోని లవణాలు బ్యాటరీ పలకలను పాడుచేస్తాయి. ఛార్జి అయ్యేటప్పుడు ఆ బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కావున దానిని గాలి వెలుతురు ఉన్న చోట, దీపానికి, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఇటీవల లిథియం బ్యాటరీలున్న సాధనాలు కూడా వస్తున్నాయి. అవి తేలిక. ఎక్కువ కాలం మన్నుతాయి. ధర మాత్రం అధికం.

వాడకంలో పాటించవలసినవి

యు.పి.ఎస్. కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తును చూడాలి. బ్యాటరీ తయారైన నెలను అడిగి తెలుసుకోవాలి. దుకాణంలో ఏడాదిగా పడి ఉన్న బ్యాటరీ కొత్తదిగా కనిపించినా కొత్తది కాదు. ఇంటికి తెచ్చిన వెంటనే దానిపై భారం మోపక, తయారీదారు చెప్పినంతసేపు ఛార్జి చేయాలి.

ఇంట్లో ఎర్తింగు సరిగా ఉందో లేదో విద్యుత్ పనివాడి చేత పరీక్ష చేయించాలి. మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పిన్ను అలంకారానికి పెట్టినది కాదు. ఎర్తింగు లేనిచోట ఉప్పెన విద్యుత్తు భూమిలోకి పోయే దారి దొరకక పరికరం మీదికే వస్తుంది. ఉరుములు మెరుపులు సమీపించినప్పుడు యు.పి.ఎస్. ఉంది కదా అని ధీమా పడరాదు. దగ్గరలో పడిన పిడుగును ఏ చిన్న యు.పి.ఎస్. కూడా ఆపలేదు. పని ముగించి, కంప్యూటరును ఆపి, ప్లగ్గును గోడనుండి తీసివేయడమే ఉత్తమ రక్షణ. ఇంటర్నెట్టు రాగి తీగ ద్వారా వచ్చే ఇళ్లలో ఆ తీగను కూడా ఊడదీయాలి.

వరద ముప్పున్న చోట యు.పి.ఎస్.ను, ఇన్వర్టరు బ్యాటరీని నేలమీద పెట్టరాదు. 2023 జూలైలో మునేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అటువంటి వరదే వచ్చింది. ఆ రోజుల్లో విజయవాడలో నీట మునిగిన కాలనీలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. నీళ్లలో విద్యుత్తు పారితే ప్రాణాలకే ముప్పు గనుక అటువంటి వేళ సరఫరాను నిలిపివేయక తప్పదు. గోడ మీట ఆపినంత మాత్రాన యు.పి.ఎస్. ఆగదని గుర్తుంచుకోవాలి. దానికి సొంత బ్యాటరీ ఉంది. నీరు ఇంట్లోకి రాకముందే దాని మీటను కూడా ఆపి, ఎత్తైన చోట ఉంచాలి. నీట తడిసిన సాధనాన్ని నిపుణుడు చూడకుండా తిరిగి వాడరాదు.

కాలం తీరిన బ్యాటరీని చెత్తకుప్పలో పారవేయడం, పగలగొట్టి సీసం తీయడం నేరమే కాదు, ప్రమాదం కూడా. సీసం నేలలో, నీటిలో కలిస్తే విషమవుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించి పునర్వినియోగానికి పంపవలసిన బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానిని దుకాణంలోనే అప్పగిస్తే ధరలో కొంత తగ్గింపు కూడా లభిస్తుంది.

నెలకొక పరీక్ష

ఇన్ని జాగ్రత్తలలో అతి సులభమైనది, అందరూ మరచిపోయేది ఒకటుంది. నెలకొకసారి, తొందర పనులేవీ లేని వేళ, తెరచిన దస్త్రాలన్నీ భద్రపరచి, యు.పి.ఎస్.కు సరఫరా ఇచ్చే గోడ మీటను ఆపి చూడాలి. కంప్యూటరు నిలిచి ఉందా? రౌటరు వెలుగుతున్నదా? బ్యాటరీ ఎన్ని నిమిషాలు మోసింది? ఆ నిమిషాలను తేదీతో సహా ఒక కాగితంపై రాసి యు.పి.ఎస్. పక్కనే అతికించాలి. పావుగంట మోసినది పది నిమిషాలకు, పది అయిదుకు తగ్గుతూ వస్తే బ్యాటరీ మార్చవలసిన కాలం వచ్చిందని ఆ కాగితమే చెబుతుంది. మూడవ ఇంటర్నెట్ కేంద్రంలో ఇటువంటి పరీక్ష ఒక్కసారి జరిగి ఉంటే, రౌటరు తప్పు ప్లగ్గులో ఉన్న సంగతి ఆ రోజే తెలిసేది. ఒక విద్యార్థి దరఖాస్తు చివరి రోజు సాయంకాలం దాకా ఆ సంగతి దాగి ఉండేది కాదు.

విద్యుత్తు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. గాలిదుమారాన్ని, తెగిన తీగను, పొంగిన ఏటిని ఆపడం వినియోగదారుడి చేతిలో లేదు. పోయిన తరువాత దొరికే ఆ పది పదిహేను నిమిషాలు మాత్రం అతడి చేతిలో ఉన్నవే. వాటిని ముందే లెక్కగట్టి, పరీక్షించి ఉంచుకొన్నవాడు చీకటి పడినా చేతిలోని పనిని పోగొట్టుకోడు.